రీలు టేపు: చరిత్రకు ధ్వని ఆధారం

శాసనాలు, దస్త్రాల వలెనే ధ్వని కూడా చరిత్రకు ఆధారమే. 1928లో జర్మనీకి చెందిన ఫ్రిట్స్ ఫ్లాయ్‌మర్ కాగితపు పట్టీపై ఇనుప పొడి పూసి అయస్కాంత టేపును రూపొందించాడు. 1935లో ఏఈజీ సంస్థ బెర్లిన్‌లో మాగ్నెటోఫోన్ యంత్రాన్ని ప్రదర్శించింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత రేడియో కేంద్రాలన్నిటా రీలు టేపు స్థిరపడింది. 1963లో ఫిలిప్స్ క్యాసెట్ రాకతో ఇళ్ళలో, ఆపై డిజిటల్ పద్ధతులతో స్టూడియోల్లో అది వెనుకబడింది.

ఇటీవల సంగీతాభిమానులు పాత యంత్రాలను బాగుచేయించుకొని మళ్ళీ వింటున్నారు. రివాక్స్ సంస్థ తన బీ77 నమూనాకు కొత్త రూపం తెచ్చింది. ఈ ఆసక్తి మీకు ఎందుకు ముఖ్యమో గమనించండి. తాళపత్రాన్ని కంటితో చదవవచ్చు. టేపును చదవడానికి నడిచే యంత్రమే కావాలి. కొన్ని టేపుల పూత తేమ పీల్చి జిగటగా మారుతుంది. అలాంటి టేపును పరీక్షించకుండా తిప్పితే పూతతోపాటు స్వరమూ పోతుంది.

కృష్ణ ఒడ్డున ఉన్న బీచుపల్లి చరిత్రను మీరు రాస్తున్నారనుకోండి. ఆంజనేయస్వామి ఆలయం కళ్ళెదుటే ఉంటుంది. కాని నాటి భజనల స్వరం, పుట్టి నడిపినవారి మాటతీరు ఎవరైనా నమోదు చేసి, భద్రపరిచి ఉంటేనే వినిపిస్తాయి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: తాళపత్రం, టేపు – ఈ రెండు ఆధారాలను భద్రపరచడంలో గల తేడాలేమిటి?