తొక్కిసలాట అన్న మాట

"తొక్కిసలాట" అన్న మాట పత్రికలో కనబడినప్పుడల్లా నా మనసు అమెరికాలోని సిన్సినాటి నగరానికి పోతుంది. 1979 డిసెంబరు 3, సోమవారం. ఓహైయో నది ఒడ్డున రివర్‌ఫ్రంట్ కొలీసియంలో, ఇంగ్లండు నుంచి వచ్చిన 'ద హూ' రాక్ బృందపు కచేరీ. టిక్కెట్లన్నీ అమ్ముడుపోయాయి, వచ్చినవారు పద్దెనిమిది వేలకు పైమాటే.

ఆ టిక్కెట్లలో అత్యధిక భాగానికి సీటు అంకె లేదు. ముందు వచ్చినవాడిదే ముందు చోటు. దీనికి 'ఫెస్టివల్ సీటింగ్' అని పండుగలాంటి పేరొకటి! కొత్త సినిమా మొదటి ఆటకు నేలటిక్కెట్టు కోసం నిలబడ్డవారికి ఇందులోని ఆత్రం వేరే చెప్పనక్కరలేదు. చలిలో గంటల తరబడి కుర్రకారు తలుపుల ముందు కాచుకున్నారు. ఇంతలో లోపల వాద్యాలు సరిచూసుకుంటున్న ధ్వని బయటికి వినిపించింది. కచేరీ మొదలైపోయిందని వెనుకవారు భ్రమపడి ముందుకు నెట్టారు. తెరిచినవేమో కొద్ది తలుపులే.

జనసమ్మర్దాలను అధ్యయనం చేసిన జాన్ ఫ్రూయిన్ అనే ఇంజనీరు ఒక లెక్క చెప్పాడు. చదరపు మీటరుకు సుమారు ఏడుగురు చేరితే గుంపు ద్రవంలా ప్రవర్తిస్తుంది. అప్పుడు ఎవరి కాళ్ళు వారి అధీనంలో ఉండవు. వెనుక పుట్టిన అల ముందున్నవారిని ఎత్తి విసురుతుంది. వెనుకవాడికి ముందు జరిగేది కనబడదు, కేక వినబడదు. ఆ రాత్రి పదకొండుమంది పోయారు. పిన్నవయస్కులకు పదిహేనేళ్ళు, అందరిలోకీ పెద్దవయసు ఇరవై ఏడు. వారి ప్రాణాలు తీసింది పాదాల తాకిడి కాదు, ఛాతీ విప్పారేందుకు చోటు లేకపోవడం. మన మాటలో 'తొక్కడం' ఉంది గనుక తొక్కినవాడొకడు ఉండితీరాలని మనకు తోస్తుంది. అక్కడి పత్రికలూ అంతే. రాక్ సంగీతపు ఉన్మాదమనీ, యువత అనాగరికత అనీ కొందరు తీర్పులు రాసేశారు. తలుపుల సంగతి, టిక్కెట్ల సంగతి తరువాత గాని చర్చకు రాలేదు.

మరొక విషయం నన్ను చాలాకాలం వేధించింది. బయట శవాలుండగా లోపల కచేరీ సాగింది. ఆపివేయాలని అగ్నిమాపక అధికారి భావించినా, ఆపితే లోపలి జనం తిరగబడి మరింత ప్రమాదమని మేనేజరు బిల్ కర్బిష్లీ వాదించాడు. బృందానికి చెప్పలేదు. చివరి పాట ముగిసి వేదిక దిగాకే వారికి తెలిసింది. మొదట్లో ఇది క్రూరమనిపించేది. ఇప్పుడు ఆ నిర్ణయాన్ని తప్పు పట్టలేను. ఆ వేలమందీ ఒక్కసారిగా అవే ద్వారాల వైపు మళ్ళి ఉంటే?

ఆ నెలలోనే నగరపాలక మండలి అంకెలేని సీట్లను నిషేధించింది. 2004లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. కొలీసియం పేరు అటుపై పలుమార్లు మారింది. 2015లో దాని వెలుపల ఆ పదకొండుమందికి స్మారకం వెలసింది. ద హూ ఆ నగరంలో మళ్ళీ పాడింది 2022 మే నెలలో, నలభైరెండేళ్ళ తరువాత.