చెరకు దీవిలో మ్యూజియంలు

మారిషస్‌కు సెలవులకు వెళ్ళేవారి చేతిలో ట్రావెల్ ఏజెంటు పెట్టే పట్టికలో ఇసుక తీరాలు, పడవ షికార్లు, షామరెల్‌లోని ఏడు రంగుల నేల తప్పక ఉంటాయి. మ్యూజియంలు చివరి వరుసలో, వాన పడితే చూడవలసినవిగా ఉంటాయి. మేము వాటికే మూడు రోజులు కేటాయించాము. బాన్సువాడ దగ్గరి మహమ్మద్ నగర్ నుంచి వెళ్ళిన నాకు ఆ దీవిలో సముద్రం కన్నా చెరకు తోటలే తెలిసిన ముఖాల్లా కనిపించాయి.

కారణం చదువరులకు తెలిసిందే. మంజీర మీద నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆ నీటితో మా వైపు వరితో పాటు చెరకు కూడా విస్తరించింది. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. మాకు చెరకు నీటి వెంట వచ్చింది. మారిషస్‌లో మాత్రం చెరకు వెంట మనుషులను తెచ్చారు.

అక్కడ 1835లో బానిసత్వం రద్దయింది. తోటల యజమానులకు చవకగా పనిచేసే చేతులు కావలసి వచ్చాయి. అంతకు ముందే, 1834 నవంబరు 2న, అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలను పోర్ట్ లూయీకి చేర్చింది. 1920 వరకు ఆ రేవులో దిగినవారు దాదాపు ఐదు లక్షల మంది. వారిలో మన కోస్తా తెలుగువారూ ఉన్నారు. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరుతోనే వారిని అక్కడ పిలిచేవారు. తొలినాళ్ళలో మగకూలీకి నెలకు ఐదు రూపాయలు, తిండి గింజలు ఇచ్చేవారు. ఒక రోజు పని మానితే రెండు రోజుల జీతం కోసేవారు.

వారు దిగిన చోటును ఈనాడు ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. పాత డిపోలో సగం కన్నా తక్కువే మిగిలింది. నల్లరాతి మెట్లు, ఆసుపత్రి గోడలు, వంటశాల ఆనవాళ్ళు ఉన్నాయి. 2014లో తెరిచిన ప్రదర్శనశాల ఆ రాళ్ళకు కథ చెబుతుంది.

అన్నిటికన్నా నన్ను నిలబెట్టినవి రిజిస్టర్లు. ప్రతి మనిషికి ఒక సంఖ్య. దాని ప్రక్కన పేరు, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు, కులం, ఊరు, ఒంటిమీది గుర్తులు. 1867 నాటి చట్టం తరువాత, ఒప్పందం ముగిసిన పాత కూలీలు కూడా ఫొటో అంటించిన టికెట్టును వెంట ఉంచుకోవాలి. ఇవన్నీ మనిషి పారిపోకుండా వ్రాసిన వ్రాతలు. ఇందులో దయ ఏమీ లేదు. అయినా ఈనాడు ఒక మనుమడు తన ముత్తాత ఊరును వెదకాలంటే ఆ వ్రాతలే దారి. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థ వాటిని భద్రపరచింది. ఉగాది జాతీయ సెలవుదినంగా ఉన్న ఆ దేశంలో, తెలుగు మాట్లాడడం రాని తెలుగువారికి సైతం ఆ కాగితం మీది ఊరి పేరు మిగిలింది.

పోర్ట్ లూయీలోనే బ్లూ పెన్నీ మ్యూజియం ఉంది. 1847 నాటి రెండు తపాలా బిళ్ళలు అక్కడ ఉన్నాయి. వెలుతురుకు రంగు వెలిసిపోతుందని, అసలు బిళ్ళల మీద గంటకు కొద్ది నిమిషాలే దీపం వెలిగిస్తారు. కాగితానికి అంత మర్యాద జరగడం చూసి ముచ్చటపడ్డాను. పాంప్లెమూస్ దగ్గర బో ప్లాన్ చక్కెర మిల్లు 1999లో మూతపడితే, దానినే 2002లో చక్కెర మ్యూజియంగా తెరిచారు. యంత్రాలు ఉన్నచోటనే ఉన్నాయి. బానిసల కథ, కూలీల కథ ఆ యంత్రాల మధ్యనే చెబుతారు. చివర రకరకాల చక్కెరలు రుచి చూపిస్తారు. తీపి నోట్లో ఉండగానే ఆ తీపి ఖరీదు గుర్తుకు రావడం నాకు తప్పలేదు.

బోధన్‌లో గానుగ ఆడడం 2015 డిసెంబరులో లేఆఫ్‌తో ఆగింది. ఫ్యాక్టరీ మళ్ళీ నడవాలన్నది రైతుల, కార్మికుల కోరిక, అది న్యాయమైనదే. నడిచినా నడవకపోయినా అక్కడి హాజరు పట్టీలు, తూకం చీటీలు చరిత్రే. నిజాంసాగర్ కట్ట గురించి చెప్పేటప్పుడు పాలకుని పేరు, ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ పేరు చెబుతాము. మట్టి తట్టలు మోసినవారి పేర్లు చెప్పము.

వలస మనకు పాతకథ కూడా కాదు. మా జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్ళినవారు లేని వాడ అరుదు. ఆనాటి మారిషస్‌లో కూలీల వ్యవహారాలు చూసే అధికారిని వలసదారుల సంరక్షకుడు అనేవారు. 1983 నాటి మన వలస చట్టం క్రింద హైదరాబాదులో పనిచేసే అధికారిదీ దాదాపు అదే పేరు. ఇన్నేళ్ళకు పేరు మాత్రం మారలేదు.

గల్ఫ్ నుంచి ఇంటికి మాటలు నింపి పంపిన క్యాసెట్లు, విమాన ఉత్తరాలు, గడువు తీరిన పాస్‌పోర్టులు, అరబీలో వ్రాసిన ఒప్పంద పత్రాలు ఇంకా మన ఇండ్లలో ఇనుప పెట్టెల అడుగున ఉన్నాయి. క్యాసెట్టు టేపు బూజు పట్టక ముందే అందులోని గొంతును కంప్యూటరులోకి ఎక్కించవచ్చు. పాస్‌పోర్టుకు ఫొటో తీసి, వెళ్ళిన సంవత్సరం, చేసిన పని, యజమాని ఊరు ఒక నోటుపుస్తకంలో వ్రాయవచ్చు. మారిషస్ కూలీ గురించి వ్రాసినది అతని మీద అజమాయిషీ చేసిన అధికారి. మనవారి గురించి వ్రాసే అవకాశం మనకే ఉంది. ఆ పెట్టె తెరిచి అడగడానికి, వెళ్ళివచ్చిన పెద్దలు మన మధ్య ఉండగానే పూనుకోవాలి.