సముద్రగగనంలో గుర్తుతెలియని వస్తువులు – అధికారిక విచారణ: హైదరాబాదు బెలూన్ల చరిత్ర వెలుగులో పరిశీలన

వ్యాససంగ్రహం

ఆకాశంలో కనిపించిన వస్తువు గుర్తుతెలియనిదిగా మిగలడానికి తరచు దాని స్వభావం కంటే దానికి సంబంధించిన నమోదుల కొరతే కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. ఇందుకు అమెరికా అధికారిక విచారణలను, హైదరాబాదు శాస్త్రీయ బెలూన్ల అనుభవాన్ని తులనాత్మకంగా పరిశీలిస్తున్నది.

కీలక పదాలు: గగనవస్తువు, అధికారిక విచారణ, బెలూన్, నమోదు, రఘునాథపల్లి.

1. సముద్రంపై విచారణ

2004 నవంబరు 14న దక్షిణ కాలిఫోర్నియా తీరానికి దూరంగా, నిమిట్జ్ విమానవాహక నౌకకు చెందిన పైలట్లు రెక్కలు లేని, కోలగా ఉన్న తెల్లని వస్తువును చూసినట్లు తెలిపారు. ఈ ఘటన దృశ్యంతోపాటు మరో రెండు వీడియోలను అమెరికా రక్షణశాఖ 2020 ఏప్రిల్‌లో అధికారికంగా విడుదల చేసింది. 2021 జూన్ 25న ఆ దేశ జాతీయ నిఘా సంచాలకుని కార్యాలయం ప్రాథమిక నివేదికను వెలువరించింది. 2004–2021 మధ్యకాలపు 144 ఘటనలలో అధిక విశ్వాసంతో గుర్తించగలిగినది ఒక్కటే. అది గాలి తగ్గిపోతున్న పెద్ద బెలూన్. మిగిలినవి గ్రహాంతర నౌకలని నివేదిక తేల్చలేదు. వివరించడానికి తగిన సమాచారం లేదన్నది. పైలట్లు ఎగతాళికి వెరచి చెప్పకపోవడాన్ని, సైనిక అవసరాలకు రూపొందించిన సెన్సర్లు ఈ పనికి చాలకపోవడాన్ని కారణాలుగా చూపింది.

2. పాత ఉదాహరణ

1948 జనవరి 7న కెంటకీలో కెప్టెన్ థామస్ మాంటెల్ ఒక గగనవస్తువును వెంబడిస్తూ విమానం కూలి మరణించాడు. అతడు చూసినది శుక్రగ్రహమని మొదట భావించారు. నౌకాదళం ఎగురవేసిన ‘స్కైహుక్’ బెలూన్ అయి ఉండవచ్చునని తరువాత అభిప్రాయపడ్డారు. ఆ పథకం అప్పట్లో రహస్యం. ఎగురవేసినవారికి తెలిసిన విషయం వెంబడించినవానికి తెలియదు.

3. దక్కను అనుభవం

భూ అయస్కాంత మధ్యరేఖకు సమీపాన ఉండడంవల్ల తక్కువ శక్తిగల విశ్వకిరణాలు హైదరాబాదు ప్రాంతానికి అంతగా చేరవు. విశ్వకిరణ పరిశోధనకు ఇది అనుకూలం. టాటా మౌలిక పరిశోధన సంస్థ ఇక్కడ నెలకొల్పిన బెలూన్ కేంద్రం నుండి బెలూన్లు సుమారు 30–42 కిలోమీటర్ల ఎత్తుకు చేరుతాయి. పరికరాలు రంగుల పారాచూట్లతో నేలకు దిగుతాయి. 200–350 కిలోమీటర్ల దూరంలోనూ పడవచ్చు. అందువల్ల కేంద్రం ముందుగానే ప్రకటనలు వెలువరిస్తుంది. దొరికినవారు పరికరాలను విప్పరాదని, సమీప పోలీసు ఠాణాకో తపాలా కార్యాలయానికో తెలపాలని కోరుతుంది. ఈ ప్రకటనలలో పేర్కొన్న జిల్లాలలో వరంగల్ ఒకటి. హైదరాబాదు–వరంగల్ మార్గంలోని రఘునాథపల్లి 2016 వరకు ఆ జిల్లాలోనిదే. నేడు జనగామ జిల్లాలో ఉన్నది.

2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా పొలాల్లో గుండ్రని పెద్ద పెట్టె దిగినప్పుడు గ్రామస్థులు విస్మయం చెందారు. అది ఈ కేంద్రం నుండి ఎగిరిన, స్పెయిన్‌కు చెందిన హాలో స్పేస్ సంస్థ ప్రయోగ పేటిక అని త్వరలోనే తేలింది. ఎగురవేసిన సంస్థ, తేదీ, వస్తువు మూడూ అందుబాటులో ఉండడమే ఇందుకు కారణం.

4. ముగింపు

సముద్రంపై కనిపించినవన్నీ బెలూన్లేనని ఈ పోలిక నిరూపించదు. పొలంలో పడినది చేతికి అందుతుంది; సముద్రంపై కనిపించినదానికి మిగిలేది పైలట్ల సాక్ష్యం, సెన్సర్ల నమోదు మాత్రమే. కనుక విచారణ ఫలితాన్ని అంచనా వేసేముందు దానికి లభించిన ఆధారాలను పరిశీలించడం అవసరం. తెలంగాణ గ్రామాలలో దిగిన బెలూన్ పరికరాలకు సంబంధించిన ఠాణా నమోదులను, పత్రికా వార్తలను, వృద్ధుల మౌఖిక కథనాలను సేకరిస్తే ఈ చరిత్రకు స్థానిక ఆధారాలు సమకూరుతాయి. పరిశోధకులు ఈ దిశగా దృష్టి సారించవలసి ఉన్నది.