అంబాసిడర్ కింగ్‌పిన్, మా తాత తోలు వాషర్



పోయిన భాగం చివర్లో ఈసారి వెట్టి గురించి రాస్తానని చెప్పాను. రాయలేకపోయాను. కారణం ఒక కింగ్‌పిన్. నవ్వకండి. మూడు వారాలుగా దిల్‌సుఖ్‌నగర్ నుంచి రాణిగంజ్, రాణిగంజ్ నుంచి పుత్లిబౌలి, అక్కడి నుంచి మల్లేపల్లి, చివరికి ఎల్‌బీ నగర్ దాటి ఆటోనగర్ దాకా దాని కోసమే తిరిగాను. తిరిగి తిరిగి వచ్చాక అర్థమైంది, నేను రాద్దామనుకున్న వెట్టి సంగతి కూడా ఈ దారిలోనే ఉందని. అందుకే వరుస తప్పి ఇది రాస్తున్నా.

మా నాయినకు ఒక అంబాసిడర్ ఉంది. 1991 మోడల్ నోవా, డీజిల్. గేరు స్టీరింగ్ పక్కనే ఉంటుంది. ఒక ప్రభుత్వ శాఖ కండెమ్ చేసి వేలం వేస్తే 2003లో నాయిన పాట పాడి తెచ్చుకున్నాడు. ఇంట్లో పెద్ద గొడవ. పిల్లల ఫీజులకు పైసలు లేవు, దొరల కారు ఎందుకని మా అవ్వ రెండు రోజులు మాట్లాడలేదు. నాయిన ఒక్కటే అన్నాడు: "గీ బండి మనూరికి వచ్చినప్పుడు మనం చెట్టు కింద నిలబడ్డం. ఒక్కసారి లోపట కూసుందాం."

నల్లగొండ జిల్లాలో మాది రోడ్డుకు దూరంగా ఉండే పల్లె. ఊళ్లోకి జీపు వస్తే ఎమ్మార్వోనో పోలీసులో. తెల్ల అంబాసిడర్ వస్తే అంతకన్నా పెద్దవాళ్లు. వాళ్లు ఎవరింటి ముందు దిగుతారో, ఎవరి గ్లాసులో నీళ్లు తాగుతారో అందరికీ తెలుసు. వాడ దాకా ఆ కారు ఎన్నడూ రాలేదు. కార్ల మీది ఎర్రబుగ్గ 2017 మే 1న పోయింది గానీ, బుగ్గ లేకున్నా ఆ కారు చూస్తే మా పెద్దవాళ్లు ఇప్పటికీ బీడీ దాచుకుంటారు.

ఇక కింగ్‌పిన్ అంటే ఏమిటో చెప్తా, డ్రైవింగ్ తెలియని తమ్ముళ్లు చెల్లెళ్లు చాలామంది చదువుతారు కాబట్టి. ముందు చక్రం ఎడమకు, కుడికి తిరగాలంటే అది ఏదో ఒక నిలువు ఇరుసు మీద తిరగాలి గదా. ఆ నిలువు ఇరుసే కింగ్‌పిన్. దాని పైన, కింద బుష్‌లు ఉంటాయి. గ్రీజు పెట్టకపోతే బుష్ అరుగుతుంది, తర్వాత పిన్నే అరుగుతుంది. అప్పుడు చక్రం లూజై కొట్టుకుంటుంది, స్టీరింగ్ చేతిలో వణుకుతుంది. ఫిట్‌నెస్ పరీక్షలో చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే దొరికిపోతుంది. మా బండికి 2006లో మొదటిసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ అయింది. ఐదేళ్లకోసారి లెక్కన ఈ ఏడాది ఐదోసారి. 2022 ఏప్రిల్ 1కి ముందు కారు రెన్యూవల్ ఫీజు 600 రూపాయలు. ఆ రోజు నుంచి 5,000. 2025 ఆగస్టులో, ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. ఫీజు ఎట్లనో కడతాం. పిన్ను ఏడ నుంచి తేవాలి?

బండి తయారీయే లేదు గదా. హిందుస్థాన్ మోటార్స్‌ను బిర్లాలు పెట్టింది 1942లో, గుజరాత్‌లోని ఓఖా రేవులో. 1948లో కలకత్తా పక్కన ఉత్తర్‌పారాకు మార్చారు. ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు అచ్చులు తెచ్చి మొదట ల్యాండ్‌మాస్టర్ అని, తర్వాత 1950ల చివర్లో అంబాసిడర్ అని తయారు చేశారు. ఇంగ్లండ్ వాడు ఆ మోడల్‌ను ఎప్పుడో మర్చిపోయాడు. మనం మాత్రం అర్ధ శతాబ్దానికి పైగా అదే డొక్కు మీద నడిచాం. 2014 మేలో ఫ్యాక్టరీ ఆగిపోయింది. 2017లో అంబాసిడర్ అన్న పేరును ప్యూజో కంపెనీకి 80 కోట్లకు అమ్మేశారు. పేరుకు 80 కోట్లు వచ్చాయి. పిన్నుకు దిక్కు లేదు.

ఆ 1942 అన్న సంవత్సరం దగ్గర ఒక్క నిమిషం ఆగుతా. బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్ అయింది ఆ జులైలోనే. నాగపూర్‌లో షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ పుట్టింది కూడా అప్పుడే. మన హైదరాబాద్‌లో ఆల్విన్ కంపెనీ మొదలైంది కూడా ఆ ఏడాదే. బస్సు బాడీలు అక్కడ కట్టేవాళ్లు. దేశంలో ఇనుము, ఇంజన్ల పని ఎవరి చేతికి పోవాలన్నది తేలుతున్న కాలం అది. కార్ల చరిత్ర పుస్తకాల్లో బిర్లాలుంటారు, మోరిస్ ఉంటాడు, మంత్రులుంటారు. ముప్పై ఏళ్ల బండిని రోడ్డు మీద నిలబెట్టినవాడి పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

రాణిగంజ్‌లో మొదటి కౌంటర్‌లోనే నవ్వారు. "అంబాసిడరా? మ్యూజియంలో అడగండి సార్." రెండో షాపులో ఉందన్నాడు, చూస్తే వేరే బండిది. మూడో షాపువాడు సెట్ చూపించాడు, కొత్త డబ్బా, పాత పేరు ప్రింటు. నాయిన గోటితో గీకి చూసి పక్కన పెట్టాడు. డూప్లికేట్, మెత్త ఇనుము, ఆరు నెలలు రాదు. మల్లేపల్లి పాత సామాన్ల దగ్గర ఒకతను ఉందన్నాడు గానీ చెప్పిన రేటు విని నోరు తెరిచాం. అదేమంటే, పాత కార్లు సరదాగా బాగు చేయించుకునే పెద్దోళ్లు వచ్చి అడిగినంత ఇచ్చి పట్టుకుపోతున్నారట. వాళ్లకు అది హాబీ, ఆదివారం ర్యాలీకి తీస్తారు. మాకు అది బండి. రాత్రి రెండు గంటలకు నొప్పులొచ్చిన పిల్లను ఆసుపత్రికి తీసుకపోయేది. ఏప్రిల్ 14న మైకులు, ఫ్లెక్సీలు మోసేది.

పాత బండ్ల సామాను వెతకడంలో ఒక సూత్రం ఉంది. నాయిన నాకు చిన్నప్పుడే చెప్పాడు: బండి పేరు చెప్పకు, కొలత చెప్పు. బేరింగ్ మీద 6204 అని ఉంటే లోపలి రంధ్రం 20 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 47, మందం 14. ఏ దేశంలో కొన్నా అంతే, అది అంబాసిడర్‌లో పడ్డా నీళ్ల మోటారులో పడ్డా ఒకటే. ఆయిల్ సీలు మీద కూడా మూడు కొలతలు రాసి ఉంటాయి. అంబాసిడర్‌ది ఇవ్వమంటే లేదు పొమ్మంటారు. కొలత చెప్తే అదే అల్మారాలోంచి తీసి ఇస్తారు. (దిల్‌సుఖ్‌నగర్‌లో చదువుకునే రోజుల్లో అద్దె గది కోసం తిరిగినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చేది. పేరు అడుగుతారు, తర్వాత పూర్తి పేరు, తర్వాత ఊళ్లో మీవాళ్లు ఏం చేస్తారని. అక్కడ చెప్పడానికి కొలత ఏదీ లేదు.)

ఈ పని మనకు ఎట్లా వచ్చింది? ఇది అసలు ప్రశ్న. బాబాసాహెబ్ రాసిన "వెయిటింగ్ ఫర్ ఎ వీసా" చదివినవాళ్లకు 1929 చాలీస్‌గావ్ సంగతి గుర్తుంటుంది. అంటరానివాళ్ల కష్టాలు విచారించే ప్రభుత్వ కమిటీ సభ్యుడిగా ఆయన వెళ్లాడు. స్టేషన్‌లో దిగితే మహర్‌ను ఎక్కించుకుని తోలను పొమ్మన్నారు టాంగావాళ్లు. నడిపించి తీసుకుపోతే పరువు పోతుందని వాడవాళ్లు ఒక ఒప్పందానికి వచ్చారు: టాంగా కిరాయికి ఇస్తారు, తోలేది మనవాడే. తోలినవాడికి తోలడం రాదు. కల్వర్టు మీద చక్రం ఇరుక్కుంది, గుర్రం బెదిరింది, బాబాసాహెబ్ రాళ్ల మీద పడ్డాడు, కాలు విరిగింది. ఆయన తొమ్మిదేళ్ల వయసులో, 1901లో, గోరేగావ్ పోయేటప్పుడు కూడా ఇంతే. రెట్టింపు కిరాయి తీసుకున్న బండివాడు తను తోలనన్నాడు, పిల్లలే తోలుకున్నారు. దీన్ని అందరూ అవమానం సంగతిగానే చదువుతారు. డ్రైవర్ కొడుకును కాబట్టి నాకు ఇంకొకటి కూడా కనబడుతుంది. పగ్గాలు మనవాళ్ల చేతికి ఎన్నడూ ఇవ్వలేదు, కాబట్టి తోలడం రాలేదు. రాలేదు కాబట్టి ఆ రోజు ఆ కాలు విరిగింది.

పల్లెలో పని నేర్చుకోవాలంటే కులంలో పుట్టాలి. కొలిమి ఒకరిది, బాడిసె ఇంకొకరిది. మావాళ్లు కమ్మరి కొలిమి ముందు దూరంగా నిలబడి కర్రు సాపించుకున్నవాళ్లే గాని సుత్తె పట్టినవాళ్లు కాదు. నాయిన పద్నాలుగేళ్లకు లారీ క్లీనర్‌గా ఎక్కి, విజయవాడ రోడ్డు మీద ఎల్‌బీ నగర్ చేరాడు. అప్పుడది తొమ్మిదో నంబర్ హైవే, ఇప్పుడు 65. చేరిన షెడ్డు ఉస్తాద్ ముస్లిం. షెడ్డులో సామాన్లకు తెలుగు పేర్లే లేవు. పానా, పేచ్‌కస్, హతోడా, కమాన్. నాయిన ఎప్పుడూ అంటాడు, పేరు కొత్తది కాబట్టే ముట్టుకోనిచ్చిండ్రని. ఇందులో కొంత నిజముంది, పూర్తి నిజం కాదు. ఉస్తాద్ చెయ్యి కూడా చేసుకునేవాడు, మూడేళ్లు తిండి తప్ప జీతం లేదు. కానీ పని దాచలేదు. నువ్వెవరి కొడుకువని అడగలేదు. దాచకపోవడం ఎంత పెద్ద విషయమో కొలిమి ముందు నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది.

ఇంకో దారి ఆర్టీసీ. నిజాం రైల్వే కింద 1932 జూన్‌లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైన సంస్థ అది. తర్వాతి కాలంలో రిజర్వేషన్ రోస్టర్ మీద, ఐటీఐ సర్టిఫికెట్ మీద మనవాళ్లు ఎందరో డిపోల్లో మెకానిక్‌లయ్యారు. నాయిన స్నేహితుడు ఒకాయన అట్లా డిపోలో చేసి రిటైరయ్యాడు, దిల్‌సుఖ్‌నగర్ వెనక ఉంటాడు. మా తిరుగుడు విని తిట్టాడు. "రాణిగంజ్ ఎందుకు పోయిండ్రు? కొనేటోని లెక్క తిరిగితే దొరకదు. చేసేటోని దగ్గరికి పోవాలె." ఆయనే మమ్మల్ని ఆటోనగర్ తీసుకుపోయాడు.

ఆటోనగర్ చూడని విద్యార్థులు ఒకసారి చూడండి. ఎల్‌బీ నగర్‌లో మెట్రో దిగి హయత్‌నగర్ వైపు పోతే వనస్థలిపురం దాటాక వస్తుంది. రోడ్డుకు ఒక పక్క జింకల పార్కు, ఇంకో పక్క లారీల ఎముకలు. అక్కడ తుక్కు షెడ్డులో ఎప్పుడో విప్పేసిన అంబాసిడర్ ముందు యాక్సిల్ ఒకటి దొరికింది. ఒక పిన్ను బాగుంది. రెండోది మా దానికన్నా ఘోరం.

రెండో పిన్ను లేత్ మీద చేయించాం. లేత్ పనివాడు బండి ఏదని అడగలేదు, వెర్నియర్‌తో మంచి పిన్ను కొలిచాడు. ఉక్కు కడ్డీ తిప్పి, పై పొర గట్టిపడేలా కేస్ హార్డెనింగ్ చేయించి, గ్రైండింగ్ పట్టించాడు. బుష్‌లు గన్‌మెటల్‌వి తిప్పి, కూర్చోబెట్టాక రీమర్‌తో కొద్దికొద్దిగా తీశాడు. ఎక్కువ తీస్తే లూజు, తక్కువ తీస్తే స్టీరింగ్ బిగుసుకుంటుంది. మధ్యలో నాయిన వంగి వేలితో తడిమి "ఇంకో ఈసమెత్తు" అన్నాడు. లేత్ అతను తల కూడా ఎత్తకుండా తీశాడు. ఇద్దరికీ ముందు పరిచయం లేదు.

ఆ మాట మా తాతది. మోటబావుల కాలంలో మా తాత పని తోలు. బొక్కెన ఇనుపది వచ్చినంక కూడా దాని తొండం తోలుదే. తొండం చినిగితే ఎడ్లు ఆగుతాయి, నీళ్లు ఆగుతాయి, వరి ఎండుతుంది. నడిరాత్రి అయినా తాతను లేపుకపోయేవాళ్లు. కూలి లేదు, కల్లం దగ్గర ఎంత కొలిస్తే అంత. దీన్నే వెట్టి అంటాం. స్పేర్ పార్టులు చేసేవాడని ఎవరూ అనలేదు. కరెంటు మోటార్లు వచ్చి మోట పోయింది, తాత పని పోయింది. తర్వాత ఊళ్లో బోరింగు వేశారు. అప్పటి చేతిపంపు లోపల తోలు వాషర్ ఉండేది. అరిగితే నీళ్లు పైకి రావు. టౌన్ నుంచి కొత్తది వచ్చేదాకా ఆగలేక తాతనే పిలిచేవాళ్లు. ఆయన తోలు నానబెట్టి, గిన్నెలాగా వంచి, "ఇంకో ఈసమెత్తు" అని గీకి గీకి కూర్చోబెట్టేవాడు. పంపు పనిచేసేది. మొదటి బిందె మాత్రం మావాడది కాదు.

పొగ గురించి అడిగే మిత్రులకు: నిజమే. పాత డీజిల్ పొగ మంచిది కాదు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను వద్దన్నారు కూడా. ఈ బండిని తుక్కుకు ఇద్దామని నేనే నాయినతో రెండుసార్లు గొడవపడ్డా. ఇవాళ కూడా నా మనసు పూర్తిగా ఒకవైపు లేదు. కానీ తుక్కు విధానం రాసినవాళ్ల లెక్కలో బండి వయసు, ఫిట్‌నెస్ ఉన్నాయి. ఆ బండితో పాటు రోడ్డు మీద నుంచి పోయే పనివాళ్ల గురించి ఒక్క కాలమ్ లేదు. మోట పోయినప్పుడు మా తాత గురించి కూడా లేదు.

ఫిట్‌నెస్‌కు వచ్చే బుధవారం తేదీ దొరికింది. నాయిన రోజూ పొద్దున బండి జాకీ మీద లేపి చక్రం ఊపి చూస్తున్నాడు.

మీకు ఒక పని. మీ ఇంట్లో క్లీనర్, డెంటర్, పంక్చర్, లేత్, ఆర్టీసీ డిపో, ఏ పనిచేసిన పెద్దవాళ్లున్నా ముందు వాళ్లకు పని నేర్పిందెవరో అడగండి. ఏ ఊరు, ఏ షెడ్డు, ఏ ఏడాది, జీతం ఎంత, ముట్టుకోనిచ్చారా లేదా. ఫోన్‌లో రికార్డు చేసి పంపండి. వాళ్లు ఒప్పుకుంటేనే పేర్లు రాస్తా. ఇప్పటికి నా దగ్గర నాలుగు ఉన్నాయి, అందులో ఒకటి ఆ రిటైర్డ్ మెకానిక్‌ది.

వచ్చే భాగంలో తప్పకుండా వెట్టి. మా తాతకు కల్లం దగ్గర కొలిచిన గింజల లెక్కతో మొదలుపెడతా.

జై భీమ్.