కొల్లేటి ఖిస్సా, ఖుర్బానీ కత్తి

కొల్లేటికోట ఖిస్సాని మన ఏలూరు, గూడెం వైపు ముస్లిం ఇళ్లలో పిల్లలకు పెద్దగా చెప్పరు. చెప్పాలంటే కాస్త ఇబ్బంది మరి. అందులో దుష్మన్ మనవాడే.

ఖిస్సా ఇది. సరస్సు మధ్య లంకలో లాంగుళ గజపతి అనే ఒడ్డె రాజుకి కోట ఉండేదట. తురక సేనాపతి ఒకడు ఒడ్డున చిగురుకోట దగ్గర ఫౌజుతో దిగాడు. చుట్టూ నీళ్లే, కోట చేతికి చిక్కడం లేదు. నీళ్లన్నీ సముద్రంలోకి పోయేలా కాలువ తవ్వించడం మొదలుపెట్టాడు. అదే ఇప్పటి ఉప్పుటేరంటారు. అప్పుడు రాజుగారి సేనాని, దేవతలు కనికరించి గెలిపించాలని, సొంత కూతుర్ని బలి ఇచ్చాడు. ఆ కాలువకి పేరంటాల కనుమ అన్న పేరు అలా వచ్చిందట.

మా అమ్మాయి స్కూల్లో ఎవరి దగ్గరో ఇది విని వచ్చి, "అబ్బా, ఆ సేనాపతి మనవాడా?" అని అడిగింది. "కూర్చో బేటీ, ముందు లెక్క చూద్దాం" అన్నాను.

ఒడియా జనశ్రుతిలో లాంగుళ అనే పేరు కోణార్క్ కట్టించిన మొదటి నరసింహదేవుడిది. ఆయన హుకూమత్ 1238 నుంచి 1264 దాకా. అప్పటికి ఢిల్లీ ఫౌజు తెలుగు నేల తొక్కనే లేదు. ఓరుగల్లు మీదికి మొదటిసారి 1303లో బయల్దేరి ఖాళీ చేతుల్తో తిరిగిపోయింది. బహమనీలు ఏలూరు ప్రాంతాన్ని పట్టింది 1470 ప్రాంతంలో. అప్పటి గజపతులు కపిలేంద్రుడి ఖాందాన్ వాళ్లు. మధ్యలో రెండు వందల ఏళ్లు! పైగా ఉప్పుటేరు కొల్లేటి నీళ్లు సముద్రంలోకి పోయే సహజమైన దారి. అంటే రెండు మూడు జమానాల యాదులు ఒకే ఖిస్సాలో కలిసిపోయాయి.

అలాగని దాన్ని ఝూట్ అని తోసేయను. ఆ కాలువకి తవ్వించినవాడి పేరు పెట్టలేదు, కోట ఏలినవాడి పేరూ పెట్టలేదు. జనం పేరంటాలి పేరు పెట్టుకున్నారు. మన తెలుగు ఊళ్లలో అకాలంగా పోయిన ఆడకూతురు పేరంటాలవుతుంది. పసుపు కుంకుమలు పెట్టి, చీర పెట్టి మొక్కుతారు. ఒక ఇంటి ఆడపిల్ల మీద పడ్డ జుల్మ్‌కి ఊరంతా తల వంచడం కాదా అది? మా అఖీదా ప్రకారం సజ్దా అల్లాహ్‌కి తప్ప ఎవరికీ లేదు. కానీ ఆ తల వంపులో ఉన్న దర్ద్ నాకు అర్థమవుతుంది.

ఎందుకంటే ఈ ఇమ్తెహాన్ మనకీ ఉంది. ప్రతి బక్రీద్‌కీ ఖుత్బాలో వింటాం. ఇబ్రాహీం అలైహిస్సలాం కత్తి పట్టారు, బేటాని పడుకోబెట్టారు, అల్లాహ్ ఆపాడు. పొట్టేలు ఫిద్యాగా వచ్చింది. (ఖుర్ఆన్‌లో ఆ కొడుకు పేరు లేదు. ఇస్మాయీల్ అన్నది ఎక్కువమంది ముఫస్సిర్ల మాట.) సూరే తక్వీర్‌లోనైతే సజీవంగా పాతిపెట్టిన ఆడపిల్లని ఖయామత్ రోజున ఏ గునాహ్‌కి చంపారని అడగడం ఉంది. మనం మేకని కోసి, గోష్త్ పంచి, ఈద్ ముబారక్ అనుకుని ఇంటికొస్తాం. ఆ సవాల్ మాత్రం అక్కడే ఉంటుంది. కొల్లేటి సేనాని చేతిని ఎవరూ ఆపలేదు. ఖిస్సాలో నాకు భయం వేసేది అక్కడే, తురక సేనాపతి దగ్గర కాదు.

అయితే మన దగ్గరా కత్తి ఆగని చోటు ఒకటి ఉంది, కర్బలా. ఆరు నెలల అలీ అస్గర్ దగ్గర ఏ చెయ్యీ ఆగలేదు. తెలుగు ఊళ్లలో పీర్ల పండక్కి హిందూ ఇళ్లవాళ్లు పీర్లెత్తుతారు, నిప్పుల గుండం చుట్టూ తిరుగుతారు. అది బిద్‌అత్ అని మన ఆలిములు కొందరు కోప్పడతారు. వాళ్ల దలీల్ వాళ్లది. పేరంటాలికి మొక్కే మనిషికి హుసేన్‌ని ఎవరూ పరిచయం చేయక్కర్లేదని మాత్రం నేను అంటాను.

ఇక రాళ్ల సంగతి. ఇది ఖిస్సా కాదు, తారీఖ్. ఏలూరు కోటకి కావలసిన రాళ్లని మన హాకిములు పెదవేగి శిథిలాల నుంచి తెప్పించారు. పెదవేగి అంటే పాత వేంగి. శాలంకాయన రాజులు తమ రాగి శాసనాల్లో చిత్రరథస్వామి పాదాలను ధ్యానించేవాళ్లమని రాయించుకున్న చోటు. ఆ స్వామి సూర్యుడు. ఫౌజువాళ్ల కళ్లకి అక్కడ తయారుగా ఉన్న రాయి కనిపించింది, అంతే. దీన్ని పిల్లల దగ్గర దాచడం నాకు నచ్చదు. "మన మజ్హబ్ చెప్పిందా అలా చేయమని?" అంటే, బేటీ, కోట కట్టేవాడికి మజ్హబ్ కంటే బండి కిరాయి ముఖ్యం.

రాయిని కదపకుండానే దాని నామ్ మారిపోవడం చూడాలంటే కామవరపుకోట దాటి గుంటుపల్లి వెళ్లండి. కొండని తొలిచి చేసిన గుండ్రటి గుహ, పైకప్పులో చెక్క వాసాల్లాగే చెక్కిన రాతి వాసాలు, మధ్యలో స్తూపం. క్రీస్తుకి పూర్వపు పని. తొలినాటి బౌద్ధులు బుద్ధుడికి బొమ్మ చేయలేదు. స్తూపం, పాదాలు, చెట్టు, ఖాళీ ఆసనం, వీటితోనే సరిపెట్టుకున్నారు. మిహ్రాబ్‌లో ఖాళీ గోడ వైపు నిలబడి నమాజ్ చదివేవాడికి ఇది కొత్తగా అనిపించదు. భిక్షువులు వెళ్లిపోయారు, స్తూపం మిగిలింది. గుండ్రటి రాయిని చూసి ఊరివాళ్లు ధర్మలింగేశ్వరుడన్నారు. పాత మజ్హబ్‌లోని ధర్మం, కొత్త దేవుడి లింగం ఒకే పేరులో ఉన్నాయి.

మొన్న అమ్మాయిని అక్కడికి తీసుకెళ్లాను. గుహలో చెప్పులు విప్పాలా అని అడిగింది. విప్పమన్నాను.