1949: కలకత్తా మైదానమున దక్షిణాది పంచపాండవులు

బెంగళూరున ఫుట్‌బాలు ఆటకు పాత చరిత్ర కలదు. కంటోన్మెంటులోని తెల్ల సిపాయిల ఆట చూచి చుట్టుప్రక్కల పేటల బాలురు దానిని నేర్చిరి; బూట్లు లేకయే ఆడి, బూట్లు తొడిగిన జట్లను ఓడించు స్థితికి వచ్చిరి. 1937లో బెంగళూరు ముస్లిమ్స్ జట్టు బొంబాయిలో రోవర్సు కప్పును గెలిచినది. 1891లో ప్రారంభమైన ఆ పోటీలో సైనికులు కాని భారతీయుల జట్టు గెలుచుట అదియే ప్రథమము. 1938లోను, తిరిగి 1948లోను ఆ కప్పు వారికే దక్కెను. అయినను మన ఊరి ఆటగాండ్ర కీర్తి మిన్నుముట్టిన సంవత్సరము 1949 అని చెప్పవలెను. ఆ కీర్తి వారికి బెంగళూరున గాక కలకత్తాలో లభించెను.

ఆ కాలమున దేశమంతటికి ఒక్క లీగు లేదు. జాతీయ లీగు 1996లో గాని ఏర్పడలేదు. కలకత్తా మొదటి డివిజను లీగు, అచ్చటి ఐ.ఎఫ్.ఏ. షీల్డు, బొంబాయి రోవర్సు కప్పు అన్నవి ప్రధానమైన పోటీలలోనివి. లీగులో గెలుపునకు రెండు, సమానమునకు ఒకటి చొప్పున పాయింట్లు కూడవలెను. వర్షాకాలమంతయు బురదలో ఓర్పుతో ఆడవలెను. షీల్డు, కప్పులలో ఒక్కసారి ఓడినచో ఇంటికి పోవలసినదే. ఓర్పును తెగువను రెంటిని కోరు ఈ మూడింటిని ఒకే యేట గెలుచుట సామాన్యము కాదు.

ఈస్టు బెంగాల్ క్లబ్బు అభిమానము దెబ్బతిన్న కారణముగ పుట్టినది. జోరాబగాన్ జట్టు శైలేశ్ బోసు అను ఆటగానిని ఒక ఆటనుండి తప్పించినందుకు నొచ్చుకొని సురేశ్ చంద్ర చౌధురి మొదలగువారు 1920 ఆగస్టులో దీనిని స్థాపించిరి. 1947లో దేశవిభజన జరుగగా, తూర్పు బెంగాలున ఇల్లు వాకిలి విడిచి వచ్చిన వేలాది కుటుంబములకు ఆ పేరే పుట్టినూరి గుర్తుగ నిలిచెను.

ఆ క్లబ్బునకు 1949లో గోలులు చేసి పెట్టిన ఐదుగురు ఫార్వర్డులలో ఒక్కడును బెంగాలీ కాడు. కుడి అంచున వెంకటేశ్, అతని ప్రక్కను అప్పారావు, నడుమ ధనరాజ్, ఎడమ లోపల అహమ్మద్ ఖాన్, ఎడమ అంచున సాలే. వెంకటేశ్, ధనరాజ్, అహమ్మద్ ఖాన్ బెంగళూరు వారు. సాలే మలయాళ దేశీయుడు. అప్పారావు మన ఆంధ్రుడు. బెంగళూరు వారికంటె ముందే ఆ క్లబ్బున చేరినవాడు. నాటి పద్ధతిలో ఇద్దరు బ్యాకులు, ముగ్గురు హాఫ్ బ్యాకులు, ఐదుగురు ఫార్వర్డులు. ఐదుగురు కావుననే అభిమానులు వారికి పంచపాండవులని పేరు పెట్టిరి.

ఆ యేడు ఈస్టు బెంగాల్ లీగును గెలిచెను. షీల్డు ఫైనలులో చిరకాల ప్రత్యర్థియగు మోహన్ బగానును రెండు గోలులతో ఓడించెను. పిదప బొంబాయికి పోయి, క్రిందటి యేడు బెంగళూరు జట్టు గెలిచిన రోవర్సు కప్పును సైతము తెచ్చెను. 1950, 1951లలో కూడ షీల్డు వారిదే. వరుసగ మూడుసార్లు షీల్డు గెలిచిన భారతీయ జట్టు అంతకుముందు లేదు. రోవర్సు కప్పు మాత్రము 1950 మొదలు 1954 వరకు, రహీంగారి శిక్షణలో, హైదరాబాదు సిటీ పోలీసుల ఇంట నిలిచెను.

విరాటుని కొలువున పాండవులు పేరు మార్చుకొని దాగియుండిరి. కలకత్తా పాండవులకు ఆ అవసరము లేకపోయెను. వారి మతములు వేరు, మాతృభాషలు వేరు. అయినను ఊరు కోల్పోయిన ఆ జనము ఇతర రాష్ట్రముల నుండి వచ్చిన వీరిని తమవారనుకొనిరి. బెంగాలీ వచ్చునా యని ముందుగ అడుగలేదు. తమ క్లబ్బు గౌరవమును వీరు నిలిపిరి; అది చాలినది.

అహమ్మద్ ఖాన్ 1948 లండను, 1952 హెల్సింకీ ఒలింపిక్సులలో ఆడెను. 1951లో ఢిల్లీ ఏషియా క్రీడలలో స్వర్ణము గెలిచిన జట్టులో ఉండెను. 2017 ఆగస్టులో, తొంబదియేండ్ల వయస్సున, ఈ బెంగళూరుననే కన్నుమూసెను.

ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడము పలుకుచు తరతరములుగ ఇచ్చట స్థిరపడిన మన కుటుంబములకు ఈ కథ దూరపుది కాదు. వచ్చిన చోటును మరువనక్కరలేదు; ఉన్న చోటికి అక్కరకు వచ్చినవాడు పరాయివాడు కాడు. మన పిల్లలకు శ్రీకృష్ణదేవరాయల కథతోపాటు అప్పారావు కథయు చెప్పుదుము గాక. అతడు బెంగళూరు యువకులతో భుజము కలిపి బెంగాలు ప్రజల మనసు గెలిచినవాడు.