కౌలు నేలపై ఒంటరి సేద్యం: కాలిఫోర్నియాలో తోటల నుంచి ప్రోగ్రాముల దాకా

ఏ కంపెనీలోనూ కొలువు చేయకుండా, ఒక్కరే కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసి, దాన్ని నేరుగా వాడుకరులకు అందించి బతికే వృత్తి అమెరికాలో 1980ల ఆరంభంలో రూపు దిద్దుకొంది. ఈ వృత్తిలో ఉన్నవారి ఆలోచనల్లో రెండు చింతలు తరచు జంటగా కనిపిస్తాయి. ప్లాట్‌ఫామ్‌ల పెత్తనం మొదటిది. యంత్రాల మోజులో నేలకూ నీటికీ జరుగుతున్న హాని రెండవది. ప్లాట్‌ఫామ్ అంటే, ఒకరు రాసిన ప్రోగ్రాము నడవడానికీ, అమ్ముడు కావడానికీ ఆధారంగా మరొకరి అధీనంలో ఉండే యంత్రం, ఆపరేటింగ్ సిస్టమ్, దుకాణం అన్నీ కలిసిన ఏర్పాటు. పైకి ఈ రెండు చింతలకూ పొత్తు లేనట్టే ఉంటుంది కాని, శాన్ ఫ్రాన్సిస్కో అఖాతానికి దక్షిణంగా ఉన్న సాంటా క్లారా లోయ చరిత్రను తిరగేస్తే, రెండింటి కిందా ఒకే ప్రశ్న ఉందని తెలుస్తుంది: పైన పండించేది ఒంటరిగానే అయినా, కింద ఉన్న నేల ఎవరిది, అది కుంగితే ఆ నష్టం ఎవరి ఖాతాలో పడుతుంది?

ఆ లోయలో ఓలోనీ జాతుల వారు వేల ఏళ్లుగా నివసిస్తుండగా, స్పెయిన్ దేశస్థులు 1777లో సాంటా క్లారా మిషన్‌నూ, అదే సంవత్సరం చివర శాన్ హోసే ఊరినీ స్థాపించారు. 1856లో లూయీ పెల్లియే అనే ఫ్రెంచి వలసదారు తన దేశం నుంచి తెప్పించిన ప్లమ్ కొమ్మలను ఇక్కడ అంటు కట్టడంతో, ఎండబెట్టి నిలవ చేసుకొనే ప్లమ్ పండు, అంటే ప్రూన్, ఈ లోయకు ప్రధాన పంటగా మారే దారి ఏర్పడింది. రైలు మార్గాలు వచ్చాక ప్రూన్‌తో పాటు ఆప్రికాట్, చెర్రీ తోటలు కూడా లోయంతటా వ్యాపించాయి. పండ్లను ఎండబెట్టే కళ్లాలు, డబ్బాల్లో నింపి సీలు వేసే కర్మాగారాలు వెలిశాయి. వసంతంలో కొండల అంచు దాకా తెల్లని పూలు విరిసే ఈ ప్రాంతాన్ని ‘హృదయానంద లోయ’ అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవారు. తోటల్లో చాలావరకు చిన్న కమతాలే కావడంతో, ఎవరి చెట్లు వారివి, ఎవరి బావి వారిది అన్న స్వతంత్ర భావం ఆ రైతుల్లో బలంగా నాటుకొంది.

ఆ స్వాతంత్ర్యానికి ఉన్న హద్దును మొదట చూపించింది బావే. 19వ శతాబ్దం నడుమ గొట్టం దించితే చాలు నీరు తనంత తానే పైకి ఉబికిన లోయలో, తోటలు పెరిగి పంపులు వచ్చాక ఊటలు అడుగంటసాగాయి. ఇసుక, బంకమట్టి పొరల నడుమ నిలిచిన నీటిని మితిమీరి తోడినప్పుడు ఆ పొరలు నొక్కుకుపోయి, పైనున్న నేల మెల్లగా కిందికి దిగుతుంది. శాన్ హోసే నడిబొడ్డున 1910 ప్రాంతం నుంచి 1970 ప్రాంతం వరకు నేల సుమారు 13 అడుగులు కుంగింది. అఖాతపు ఒడ్డున ఉన్న ఆల్విసో ఊరు సముద్ర మట్టం కంటే దిగువకు చేరి కట్టల చాటున బతకవలసి వచ్చింది. ఏ ఒక్క రైతూ తప్పు చేయలేదు, ఎవరి బావిలో వారు తోడుకొన్నారు. కుంగింది మాత్రం అందరి నేల. బోరు పక్కన బోరు వేసి ఊళ్లకు ఊళ్లే ఎండిపోవడం చూసిన తెలుగు పాఠకుడికి ఇది వేరే చెప్పనక్కరలేని సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2002లో నీరు, భూమి, చెట్ల చట్టాన్ని తేవలసి వచ్చింది కూడా ఇలాంటి అనుభవం వల్లనే. సాంటా క్లారా ప్రజలు 1929లో ఓటు వేసి జల సంరక్షణ మండలిని ఏర్పాటు చేసుకొన్నారు. ఆ మండలి 1930ల నడుమ వరుసగా జలాశయాలు కట్టి, వాన నీటిని నిలిపి, వాగుల గులక పడకల మీదుగా నేలలోకి ఇంకించింది. 1965 నుంచి రాష్ట్ర కాలువల ద్వారా ఉత్తరాది నీరు కూడా తోడైన తర్వాతనే నేల కుంగడం ఆగింది.

తోటల చోటుకు ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ రావడంతో, నీరు నిలకడకు వచ్చే వేళకు చెట్లే కరువయ్యాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 1951లో తన భూముల్లో పారిశ్రామిక వాడను నెలకొల్పింది. శాస్త్రవేత్త విలియం షాక్లీ 1956లో మౌంటెన్ వ్యూలో పండ్లకు వాడిన పాత షెడ్డులో సెమీకండక్టర్ ప్రయోగశాల తెరిచాడు. ఆయన పద్ధతులతో విసిగి బయటికి వచ్చిన 8 మంది 1957లో ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్‌ను, వారిలో ఇద్దరు 1968లో ఇంటెల్‌ను ప్రారంభించారు. 1971 జనవరిలో పత్రికా రచయిత డాన్ హోఫ్లర్ తన వ్యాసాల శీర్షికలో వాడిన ‘సిలికాన్ వ్యాలీ’ అనే పేరు పాత పేరును మింగేసింది. పొగగొట్టాలు లేని ఈ పరిశ్రమను స్వచ్ఛమైనదిగా అందరూ నమ్మారు కాని, చిప్పులను కడగడానికి వాడే ద్రావణులు, అంటే జిడ్డును కరిగించే రసాయనాలు, భూమిలో పాతిన ట్యాంకుల నుంచి కంటికి కనబడకుండా కారుతూ వచ్చాయి. దక్షిణ శాన్ హోసేలోని ఫెయిర్‌చైల్డ్ కర్మాగారం నుంచి కారిన ద్రావణి తాగునీటి బావిలో చేరినట్టు 1981 చివర బయటపడింది. మరుసటి సంవత్సరమే ఈ విషాలపై పోరాడే ప్రజా సంఘం ఏర్పడింది. అత్యంత కలుషితమైన స్థలాలను గుర్తించి, కారకుల ఖర్చుతో శుద్ధి చేయించడానికి అమెరికా 1980లో తెచ్చిన ‘సూపర్‌ఫండ్’ చట్టం కింద సాంటా క్లారా కౌంటీ ఒక్కదానిలోనే 23 స్థలాలు జాబితాకు ఎక్కాయి. దేశంలో మరే కౌంటీలోనూ అన్ని లేవు.

ఒంటరి ప్రోగ్రామరు వృత్తికి బీజం పడింది కూడా ఈ పరిసరాల్లోనే. భూగోళం మొత్తాన్ని ఒకే చిత్రంలో చూడగలిగితే మనిషి దాన్ని ఒకే ఇల్లుగా భావిస్తాడని నమ్మిన స్టూవర్ట్ బ్రాండ్, 1967లో ఒక ఉపగ్రహం తీసిన భూమి ఛాయాచిత్రాన్ని ముఖచిత్రంగా వేసి, 1968లో మెన్లో పార్క్ నుంచి ‘హోల్ ఎర్త్ క్యాటలాగ్’ను వెలువరించాడు. సేద్యానికి, ఇల్లు కట్టుకోవడానికి, సొంతంగా నేర్చుకోవడానికి పనికివచ్చే పుస్తకాలనూ పనిముట్లనూ పరిచయం చేసిన ఆ జాబితాలో పార, గొడ్డలి వంటి వాటి సరసనే కాలిక్యులేటర్ కూడా చోటు చేసుకొంది. పనిముట్టు మనిషి చేతిలో ఉంటే పెద్ద సంస్థల మీద ఆధారపడే అవసరం తగ్గుతుందన్నది దాని సారాంశం. 1975 మార్చి 5న అదే మెన్లో పార్క్‌లో గోర్డన్ ఫ్రెంచ్ ఇంటి గ్యారేజీలో మొదటిసారి సమావేశమైన హోంబ్రూ కంప్యూటర్ క్లబ్బు ఈ భావాన్ని కంప్యూటరుకు అన్వయించింది. క్లబ్బును ఆరంభించినవారిలో ఒకడైన ఫ్రెడ్ మూర్ యుద్ధ వ్యతిరేక ఉద్యమం నుంచి వచ్చినవాడు. సభ్యులు సర్క్యూట్లనూ ప్రోగ్రాములనూ ఒకరికొకరు ఉచితంగా ఇచ్చిపుచ్చుకొంటుండగా, 1976 ఫిబ్రవరిలో బిల్ గేట్స్ ఒక బహిరంగ లేఖ రాసి, డబ్బు ఇవ్వకుండా ప్రోగ్రాములను నకలు చేసుకొంటే రాసేవాడు బతికేదెలా అని నిలదీశాడు.

పంచుకోవడానికీ బతకడానికీ నడుమ ఉన్న ఈ చిక్కుముడిని విప్పే దారిని 1982లో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ కనిపెట్టాడు. న్యాయశాస్త్రం చదివిన ఈయన అంతకుముందు 1976లో, ఓడించడం కంటే కలిసి ఆడడమే ముఖ్యమనే ఆటల మీద ఒక పుస్తకానికి సంపాదకత్వం వహించాడు. ఆ ఆటల ఉద్యమానికి బ్రాండే ఆద్యుల్లో ఒకడు. 1973లో దాని మొదటి పెద్ద ఉత్సవం గోల్డెన్ గేట్ వంతెనకు ఉత్తరాన మరిన్ కొండల్లో, ఇళ్లు కట్టకుండా కాపాడిన ప్రకృతి రక్షిత భూమిలో జరిగింది. ఐబీఎం పీసీ కోసం ఫ్లూగెల్‌మన్ రాసిన ‘పీసీ-టాక్’ అనే ప్రోగ్రామును ఎవరైనా నకలు చేసుకోవచ్చు, పంచవచ్చు. ఉపయోగపడిందని తోస్తే 25 డాలర్లు పంపాలి. ప్రభుత్వేతర ప్రజా టెలివిజన్ ప్రేక్షకుల నుంచి చందాలు కోరే పద్ధతి ఆయనకు ఈ ఊహ ఇచ్చింది. తెలుగువారికి మాత్రం హరికథ ముగిశాక పళ్లెం తిప్పే ఆచారం గుర్తుకు వస్తుంది. అదే కాలంలో వాషింగ్టన్ రాష్ట్రంలో జిమ్ నాఫ్ తన ‘పీసీ-ఫైల్’ ప్రోగ్రామును విడిగా ఇదే దారిలో పంపిణీ చేస్తూ ఉండగా, ఇద్దరూ ఒకరినొకరు కనుగొని పేర్లూ ధరలూ పొందికగా పెట్టుకొన్నారు. సియాటిల్‌లో బాబ్ వాలెస్ 1983లో ‘పీసీ-రైట్’తో ‘షేర్‌వేర్’ అనే మాటను స్థిరపరిచాడు. 1987లో ఈ రచయితలు ఒక సంఘం కూడా పెట్టుకొన్నారు. ఫ్లాపీ డిస్కులు చేతులు మారుతూ సాగిన ఈ వ్యాపారంలో యంత్రం ఐబీఎంది, ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్‌ది అయినా, వాటి యజమానులు ప్రతి అమ్మకంలో వాటా అడగలేదు, ఏది అమ్మవచ్చో ఏది అమ్మకూడదో శాసించలేదు.

అమెరికాలోని తెలుగువారి కథ ఇక్కడ కొంత వేరుగా నడిచింది. 1990 వలస చట్టంతో ఏర్పడిన హెచ్-1బీ వీసా మీద వేలాది ఇంజనీర్లు ఈ లోయకు వచ్చారు కాని, ఆ వీసా దానికోసం అర్జీ పెట్టిన యజమాని దగ్గర మాత్రమే పని చేయనిస్తుంది కనుక, ఒంటరిగా ప్రోగ్రాములు రాసి అమ్ముకొనే దారి వారిలో ఎక్కువమందికి మూసుకుపోయింది. అయినా పంచుకొనే సంప్రదాయంలో వారి పాలు లేకపోలేదు. 1990ల తొలినాళ్లలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన ‘రిట్’ అనే సాధనం, రోమన్ అక్షరాల్లో టైపు చేసిన మాటను తెలుగు లిపిలోకి మార్చి, తెలుగు కీబోర్డు గాని ఫాంటు గాని తేలికగా దొరకని రోజుల్లో చెదిరిన తెలుగువారిని రాతలో కలిపింది. అందులో వాడిన లిప్యంతరీకరణ పద్ధతి తర్వాతి సాధనాలకు ఆధారమైంది.

2008 జూలై 10న ఆపిల్ తెరిచిన యాప్ స్టోర్‌తో ఒంటరి డెవలపరు కింది నేల స్వభావం మారింది. డిస్కులు పోస్టు చేయడం, డబ్బు వసూలు చేసుకోవడం వంటి యాతన తప్పి, ఒక్క గదిలో రాసిన ప్రోగ్రాము ప్రపంచమంతటికీ చేరగలిగిందన్నది నిజమే. బదులుగా మొదట్లో ప్రతి అమ్మకంలో 30 శాతం దుకాణానికి చెల్లించాల్సి వచ్చింది, ప్రోగ్రాము వారి పరిశీలనలో నెగ్గాలి, నిబంధనలు మారితే మారినట్టు నడుచుకోవాలి. తెలుగు పల్లెలో భూమి లేని రైతు నిర్ణీత మొత్తానికి చేస్తే కౌలు, పంటలో వాటా ఇచ్చి చేస్తే పాలు. యాప్ స్టోర్ ఏర్పాటు రెండవదానికి దగ్గర. 2006లోనే రచయిత నికొలస్ కార్ ఇంటర్నెట్ సంస్థలకు ఉచితంగా సరుకు సమకూర్చే జనాన్ని ఇలాంటి పాలు సేద్యగాళ్లతో పోల్చాడు. అమెరికాలో ఆ మాటకు అంతర్యుద్ధం తర్వాత దక్షిణాది నల్లజాతి రైతులు అనుభవించిన అప్పుల ఊబి స్మృతి అంటుకొని ఉంటుంది కనుక, ఆ పోలికలో తీవ్రత ఎక్కువే. 2021 నుంచి ఏటా 10 లక్షల డాలర్ల లోపు రాబడి ఉన్నవారికి వాటాను 15 శాతానికి తగ్గించారు. 2020లో ఆటల సంస్థ ఎపిక్ గేమ్స్ ఆపిల్‌పై వేసిన దావాలో, మరుసటి సంవత్సరం వెలువడిన తీర్పు ఆపిల్‌ను సమాఖ్య చట్టం ప్రకారం గుత్తాధిపతిగా తేల్చలేదు గాని, బయట చెల్లించే దారి ఉందని కొనుగోలుదారుకు చెప్పకుండా డెవలపర్లను అడ్డుకోవడం కాలిఫోర్నియా చట్టానికి విరుద్ధమని నిర్ణయించింది. వాటా ఎంత అన్నదానికంటే, పొమ్మంటే పోవలసిన స్థితిలో సేద్యం చేయడమే ఇక్కడ అసలు బాధ.

ఈలోగా ప్రోగ్రాములు నడిచే ఆ నేల కూడా లోయ దాటి పోయింది. ఒరెగాన్‌లో కొలంబియా నది ఒడ్డున ఉన్న ద డాల్స్ అనే చిన్న ఊరు ఇందుకు మంచి ఉదాహరణ. 1957లో అక్కడ కట్టిన ఆనకట్ట, ఆదివాసులు తరతరాలుగా చేపలు పట్టిన సెలైలో జలపాతాన్ని ముంచేసింది. ఆ చవక జలవిద్యుత్తు మొదట అల్యూమినియం కరిగించే కర్మాగారాన్నీ, అనంతరం 2006లో గూగుల్ డేటా సెంటర్‌నూ రప్పించింది. డేటా సెంటర్ అంటే వేల కంప్యూటర్లు పగలూ రాత్రీ నడిచే భవనం. వాటి వేడిని చల్లార్చడానికి నీరు కావాలి. ఆ నీటి లెక్క ఒక పత్రికకు ఇవ్వాల్సిన పనిలేదని ఊరి పాలకవర్గం 2021లో కోర్టుకెక్కి, 2022 చివర రాజీపడి లెక్క బయటపెట్టగా, ఊరు వాడే నీటిలో పావు వంతుకు పైగా ఆ భవనాలకే పోతున్నట్టు తేలింది. దేశం మొత్తం మీద 2023లో విద్యుత్తులో దాదాపు 4.4 శాతం డేటా సెంటర్లే వాడాయని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల లెక్కగట్టింది. ప్లాట్‌ఫామ్ పెత్తనాన్ని నిరసించే ఒంటరి డెవలపరు ప్రోగ్రాము కూడా ఇలాంటి భవనాల్లోనే నడుస్తుంది కనుక, తన కింది నేలను గూర్చి అడిగే ప్రశ్నలో ఆయన బాధితుడూ అవుతాడు, నీరు తోడేవారిలో ఒకడూ అవుతాడు. ప్రూన్ తోట రైతు పరిస్థితి కూడా సరిగ్గా ఇదే.

ఆ రైతుకు దొరికిన పరిష్కారం బావిని ఇంకా లోతుగా తవ్వడంలో లేదు, తోట విడిచి పారిపోవడంలోనూ లేదు. అందరూ వాడుకొనే నీటికి అందరి తరఫున లెక్క చూసే, అందరికీ జవాబు చెప్పే ఒక మండలి 1929లో ఏర్పడింది. దాని ఫలితం పూర్తిగా అందడానికి నలభై ఏళ్లు పట్టింది, అప్పటికే దిగిపోయిన నేల తిరిగి పైకి లేవలేదు. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో నివసించే సన్నీవేల్‌లో ఆనాటి తోటల ఆనవాలుగా పది ఎకరాల ఆప్రికాట్ తోట ఒకటి ఇప్పటికీ ఏటా కాస్తోంది. చుట్టుపక్కల సొంత భూముల్లో పెరిగిన చెట్లన్నీ అమ్మకాల్లో కొట్టుకుపోగా అది మిగలడానికి కారణం, ఆ నేల నగరపాలక సంస్థది, అంటే ఊరందరిదీ, కావడమే.